ఆరేళ్లుగా పీడీబీ: ఇంతకీ చికెన్ ఎవరి లెక్కలో పడింది?

బెంగళూరు మారతహళ్ళి పీజీల్లో మనవాళ్ల గదికి వెళ్తే మంచం మీద ల్యాప్‌టాప్, అందులో ఎర్రర్, ఎదురుగా జుట్టు పీక్కుంటున్న కుర్రాడు కనిపించడం మామూలే. పోయిన నెల ఆ కుర్రాడు మా పిన్ని కొడుకు. కోర్సు కోసం అనంతపురం నుంచి వచ్చాడు. "అన్నా, ప్రోగ్రామ్ బాగానే ఉంది, పైథానే తేడాగా ఉంది" అన్నాడు. వాడు ప్రోగ్రామ్ రాసే భాష పేరు పైథాన్.

నేను ఆరేళ్లుగా వాడుతున్నది పైథాన్‌తో పాటే వచ్చే పీడీబీ డీబగ్గర్, అంటే ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపి తప్పు వెతికే సాధనం. విడిగా ఇన్‌స్టాల్ చేసేదేం లేదు. అనుమానం ఉన్న చోట బ్రేక్‌పాయింట్ అని రాసి పక్కన ఖాళీ బ్రాకెట్లు పెడితే ప్రోగ్రామ్ అక్కడ ఆగుతుంది. 2018లో వచ్చిన పైథాన్ 3.7 వెర్షన్‌తో ఈ సుఖం దొరికింది. అంతకుముందు పీడీబీని ఇంపోర్ట్ చేసి, సెట్ ట్రేస్‌ని పిలవాల్సి వచ్చేది. మావాడిది పాత ల్యాప్‌టాప్, పెద్ద ఎడిటర్ తెరిస్తే ఫ్యాన్ మోత మొదలవుతుంది. దానికి ఇదే నయం.

వాడి ప్రోగ్రామ్ గదిలో ముగ్గురి ఖర్చుల లెక్క. రూమ్‌మేట్ అని ఒక క్లాస్, అంటే ఒక్కో మనిషి లెక్కకు అచ్చు లాంటిది. "చికెన్ 180" అని టైప్ చేస్తే దాన్ని ముక్కలు చేసి ఆ మనిషి లిస్టులో వేయాలి. ధరను ఇంట్‌గా, అంటే పూర్ణసంఖ్యగా మార్చే లైన్ దగ్గర వాల్యూ ఎర్రర్. అప్పటికే పది ప్రింట్లు పెట్టి చూశాడు, టైప్ చేసిన లైన్ చూడ్డానికి బాగానే ఉంది. పీడీబీలో పి కొట్టి వేరియబుల్ పేరు ఇస్తే దాని విలువను కొటేషన్ గుర్తులతో సహా చూపిస్తుంది. ముక్కలు రెండు కాదు, మూడు: 'చికెన్', '', '180'. మధ్యలో రెండు స్పేస్‌లు కొట్టాడు మహానుభావుడు. రెండో ముక్క ఖాళీ, దాన్ని సంఖ్యగా మార్చబోతేనే ఎర్రర్. ముక్కలు చేసే స్ప్లిట్‌కి స్పేస్ అని చెప్పి ఇస్తే ప్రతి స్పేస్ దగ్గరా కోస్తుంది. ఏమీ ఇవ్వకపోతే ఎన్ని స్పేస్‌లున్నా ఒక్కటిగానే చూస్తుంది. అన్నట్టు, ఇంట్‌కి '౧౮౦' అని తెలుగు అంకెలు ఇచ్చినా 180 అనే తీసుకుంటుంది. అది చూశాక వాడు అరగంట పని మానేసి దాంతోనే ఆడుకున్నాడు.

ఇన్‌పుట్ అడిగే ప్రోగ్రామ్‌లతో మాత్రం పీడీబీ చిరాకు తెప్పిస్తుంది, ఆరేళ్లయినా నాకే తప్పడం లేదు. రెండూ ఒకే టెర్మినల్‌లో మాట్లాడతాయి. తర్వాతి లైన్‌కి వెళ్లే కమాండ్ ఎన్ కొట్టి ఇన్‌పుట్ లైన్ దాటబోతే, అది మనం టైప్ చేసేదాకా కదలదు. హ్యాంగ్ అయిందనుకుని మావాడు మళ్లీ ఎన్ కొట్టాడు, ప్రోగ్రామ్ దాన్నే ఖర్చు అనుకుని మింగేసింది. ఇంకోసారి "ఇడ్లీ 40" పీడీబీకి ఇచ్చి సింటాక్స్ ఎర్రర్ తిన్నాడు. ఉత్త ఎంటర్ కొడితే పాత కమాండే మళ్లీ నడుస్తుంది, అలా కావాల్సిన లైన్ దాటిపోయి మొదటికి రావడం మామూలే. వేరియబుల్‌కి ఎన్ అని పేరు పెడితే మరీ గోల: విలువ చూద్దామని ఎన్ కొడితే తర్వాతి లైన్‌కి వెళ్తుంది. పి ఎన్ అనాలి. అందుకే అయిదుకి నాలుగే ఇస్తాను.

అసలు గొడవ తర్వాత బయటపడింది. గుడ్డు కూడా ముట్టని రూమ్‌మేట్ లెక్కలో చికెన్ 180! ఆ అబ్బాయి నవ్వలేదు. బ్రేక్‌పాయింట్ పెట్టి సెల్ఫ్ డాట్ డిక్ట్, అంటే ఆ ఒక్క మనిషికే చెందిన వివరాలు చూపించమన్నాను. అందులో పేరు ఒక్కటే ఉంది, ఖర్చుల లిస్టు లేదు.

"మరి లిస్టు ఎక్కడుందన్నా?"

"క్లాస్ కింద రాశావు కదరా, అక్కడే ఉంది. ముగ్గురికీ అదొక్కటే."

నమ్మలేదు. ఇద్దరి లిస్టుల మధ్య, రెండూ ఒకటేనా అని అడిగే ఈజ్ పెట్టి పి కొట్టాడు, ట్రూ అని వచ్చింది. లిస్టును ఒక్కో మనిషికి విడిగా నడిచే ఇనిట్‌లోకి మార్చి సెల్ఫ్‌కి తగిలించి మళ్లీ నడిపితే, ఆ అబ్బాయి లెక్కలో పెరుగన్నం 60 మాత్రమే మిగిలింది. చికెన్ వెళ్లి మావాడి ఖాతాలో పడింది.