మాంటెరేలో గైడెడ్ డైవ్: చలికి ఓర్చుకుంటే కెల్ప్ అడవి మీదే

అండమాన్‌లో గోరువెచ్చని నీళ్లలో స్కూబా నేర్చుకున్నదాన్ని. కాలిఫోర్నియాలో నీళ్లు 11 డిగ్రీలంటే టెన్షన్ పడ్డాను. మాంటెరే శాన్ కార్లోస్ బీచ్‌లో పడవ అక్కర్లేదు, బ్రేక్‌వాటర్ (అలల్ని ఆపే రాతిగోడ) పక్కన ఒడ్డు నుంచే దిగొచ్చు. షాపువాళ్లు 7 మిల్లీమీటర్ల వెట్‌సూట్, గ్లవ్స్, హుడ్ అద్దెకిచ్చారు. హుడ్ వదులై మెడలోకి చన్నీళ్లు దూరుతూనే ఉన్నాయి. మీరు ముందే వేసుకుని చూసుకోండి.

లోపల జెయింట్ కెల్ప్ అనే భారీ సముద్రపు నాచు! రాళ్లను పట్టుకుని మొలిచి, ఆకుల మొదట్లో ఉండే గాలిబుడగల బలంతో నీటి పైదాకా నిలబడుతుంది. కొబ్బరితోటలో పడ్డట్టు ఎండ చారలుగా దిగుతుంటే పైకి రాబుద్ధి కాలేదు. ఒక హార్బర్ సీల్ (సముద్రపు క్షీరదం) వెనకనుంచి వచ్చి నా కాలి ఫిన్‌ను (ఈత రెక్కను) మూతితో తడిమి వెళ్లింది. వెంటపడొద్దు, దాన్నే రానివ్వమని గైడ్ ముందే చెప్పింది. 1972 నాటి అమెరికా చట్టం ప్రకారం సీళ్లను వేధించడం నేరం కూడా. కెల్ప్‌లో చిక్కుకుంటే గింజుకోకుండా కాడను వేళ్లతో విరవడం నేర్పింది. ఆ ఒక్క పాఠానికే ఇచ్చిన డబ్బు న్యాయం.

మీ స్కూబా సర్టిఫికేషన్ కార్డు మర్చిపోవద్దు. అలలు పెద్దగా ఉన్న రోజు మాత్రం మానుకోండి.