ఆడమ్స్ ఇల్లు క్విన్సీలో, ఉత్తరాలు బోస్టన్‌లో

బోస్టన్ వెళ్లిన మనవాళ్లు చాలామంది ఫ్రీడమ్ ట్రయల్ (నగరంలోని చారిత్రక స్థలాలను కలిపే నడక దారి) నడిచేసి తిరిగొచ్చేస్తారు. అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ మీద కాస్తయినా ఆసక్తి ఉంటే బోస్టన్ పక్కనే ఉన్న ఆయన ఊరు క్విన్సీకి ఒక రోజు ఉంచుకోండి. కారు అక్కర్లేదు, బోస్టన్ మెట్రో రెడ్ లైన్ రైలు చాలు. బ్రెయిన్‌ట్రీ వైపు వెళ్లేదే ఎక్కాలి, ఆష్‌మాంట్ రైలు ఇటు రాదు. మేం బస కూడా క్విన్సీలోనే చేశాం. గది చవగ్గానే దొరికింది గానీ బ్రేక్‌ఫాస్ట్ నామమాత్రం, ఏసీ రాత్రంతా ఒకటే రొద.

జాన్, ఆరో అధ్యక్షుడైన ఆయన కొడుకు జాన్ క్విన్సీ పుట్టిన ఇళ్లు పక్కపక్కనే ఉన్నాయి. అవి త్వరగానే అయిపోతాయి. తీరిగ్గా చూడాల్సింది పీస్‌ఫీల్డ్. జాన్ లండన్‌లో రాయబారిగా ఉండగా 1787లో కొన్న ఇల్లు. లోపలికి గైడ్‌తోనే పంపుతారు, చలికాలంలో మూసేస్తారు, కాబట్టి తేదీలు ముందే చూసుకోండి. తోటలో 1870లో కట్టిన రాతి లైబ్రరీ ఉంది. పుస్తకాలకు నిప్పు భయం ఉండకూడదని జాన్ క్విన్సీ కోరిక. నాకైతే ఇంటికన్నా అదే నచ్చింది.

కానీ ఆయన రాజకీయం ఇంట్లో కనిపించదు. 1770లో బ్రిటిష్ సైనికులు బోస్టన్ జనం మీద కాల్పులు జరిపిన కేసులో, ఊరంతా మండిపడుతున్నా, ఆ సైనికుల తరఫున వాదించిన లాయరు ఆయనే. ప్రభుత్వాన్ని విమర్శిస్తే జైల్లో పెట్టే 1798 చట్టంపై సంతకం చేసిందీ ఆయనే. ఫ్రాన్స్‌తో పూర్తి యుద్ధం రాకుండా సొంత పార్టీవాళ్లనే ఎదిరించి, 1800 ఎన్నికల్లో ఓడిపోయాడు. ఈ మనిషి దొరికేది కాగితాల్లోనే.

ఆ కుటుంబం వాటిని 1956లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీకి ఇచ్చేసింది. జాన్, భార్య అబిగైల్ రాసుకున్న ఉత్తరాలే వెయ్యికి పైగా! కొత్త చట్టాల్లో ఆడవాళ్లను మరవొద్దని 1776 మార్చిలో ఆమె రాసింది కూడా వాటిలోదే. జాన్ క్విన్సీ డైరీ 51 సంపుటాలు. సొసైటీలో పెట్టే ప్రదర్శనకు టికెట్ అక్కర్లేదు, అయితే అంశం మారుతూ ఉంటుంది, మీరు వెళ్లినప్పుడు ఆడమ్స్ కాగితాలే ఉంటాయని అనుకోవద్దు. ఉత్తరాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితం. నాలుగైదు చదివి వెళ్తే పీస్‌ఫీల్డ్‌లో గైడ్ చెప్పేది బాగా అందుతుంది. చిన్నపిల్లలుంటే సొసైటీ మానేసి, పీస్‌ఫీల్డ్ తోటలో కాసేపు వదలండి.