డ్యూరాండ్ ఫైనల్ కోసం కోల్‌కతా: ఏ గ్యాలరీ, ఏ బస, ఏ దారి

కోల్‌కతాలో ఆ ఊరి ఫుట్‌బాల్ ప్రత్యర్థులు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల మధ్య డ్యూరాండ్ కప్ ఫైనల్ అంటే బస సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందుగా తేల్చుకోవలసింది ఏ గ్యాలరీలో కూర్చుంటారన్నదే. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన మా పిన్ని కొడుకు టికెట్ల మాట రాగానే అడిగింది కూడా అదే. “ఏదో ఒక పక్షం చెప్పు అన్నయ్యా, మధ్యలో కూర్చుంటానంటే ఇక్కడ కుదరదు” అన్నాడు. వాడు తండ్రి కాలం నుంచీ మోహన్ బగాన్ మనిషి. నేను ఈస్ట్ బెంగాల్ అన్నాను. సాల్ట్‌లేక్ స్టేడియం దాకా కలిసి వెళ్లి, అక్కడ వాడో గేటు, నేనో గేటు.

నా ఎంపికకు కారణం ఉంది. ఈస్ట్ బెంగాల్‌ను గొప్ప జట్టుగా నిలిపిన ఐదుగురు ఫార్వర్డ్‌లను బెంగాలీలు నేటికీ పంచపాండవులంటారు. అహ్మద్ ఖాన్, సాలే, వెంకటేశ్, ధన్‌రాజ్, అప్పారావు. ఐదుగురూ దక్షిణాది వాళ్లే. తర్వాతి తరంలో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ వచ్చి 1961లో ఆ జట్టుకు సారథ్యం వహించాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టులో ఆయన ఉన్నాడు. ఆ జట్టు శిక్షకుడు హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. బలరామ్ చివరి ఏళ్లు హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో గడిపి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. అదే ఏడాది ఆయన ఆడిన జట్టు డ్యూరాండ్ ఫైనల్‌కు వచ్చింది. వెళ్లకుండా ఉండలేకపోయాను.

ఆ పోటీ ఎంత పాతదో కూడా చెప్పాలి. 1888లో సిమ్లాలో సైనిక దళాల కోసం మొదలైన డ్యూరాండ్ కప్ ఆసియాలోనే అతి పాత ఫుట్‌బాల్ పోటీ. దాన్ని హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు (తర్వాత ఆంధ్రా పోలీస్) నాలుగుసార్లు గెలిచింది, 1950లో అయితే ఏకంగా మోహన్ బగాన్‌నే ఓడించి. ఆ మాట మా తమ్ముడికి గుర్తు చేసినప్పుడల్లా మాట మారుస్తాడు. మేం చూసిన ఫైనల్ రోజు, 2023 సెప్టెంబరు 3 నాటికి, రెండు క్లబ్బులకూ పదహారేసి డ్యూరాండ్ కప్పులున్నాయి. ఫైనల్లో ఈ రెండూ తలపడి అప్పటికి పందొమ్మిదేళ్లు, 2004లో గెలిచింది ఈస్ట్ బెంగాల్. పైగా మూడు వారాల ముందు ఆగస్టు 12న గ్రూపు దశలో నందకుమార్ గోలుతో ఈస్ట్ బెంగాల్ మోహన్ బగాన్‌ను ఓడించింది. ఊరు ఎలా ఉడికిపోతూ ఉందో ఊహించుకోవచ్చు.

ప్రయాణం తేలికే. రాజమండ్రిలో రాత్రి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు సాయంత్రానికి హౌరా. బస విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. కోల్‌కతాకు కొత్తగా వెళ్లేవారిని అందరూ న్యూమార్కెట్ పక్కన సడర్ స్ట్రీట్‌కు పంపుతారు. మ్యూజియం, మైదానం (ఊరి నడుమనున్న పెద్ద పచ్చిక బయలు), తిండి అన్నీ దగ్గరే, అద్దెలు అన్ని రకాలూ ఉంటాయి, ఊరు చూడడానికి అంతకంటే మంచి చోటు లేదు. మ్యాచ్ కోసమే అయితే అది దూరం. సియాల్దా స్టేషన్ ఎదుట లాడ్జిలు చౌక, అక్కడి నుంచి స్టేడియానికి మెట్రోలో రెండే స్టేషన్లు. మొదటి రాత్రి అక్కడే ఒక లాడ్జిలో దిగాను. గదికి కిటికీ లేదు, దుప్పటి తడి వాసన, రాత్రంతా మెట్ల మీద సామాన్ల చప్పుడు. ఫ్యాను అడిగితే మర్నాడు చూస్తామన్నారు. సెప్టెంబరు ఉక్కపోతలో ఆ గదిని ఎవరికీ సూచించలేను. పొద్దున్నే ఖాళీ చేసి సాల్ట్‌లేక్‌లో ఒక గెస్ట్‌హౌస్‌కు మారాను. అద్దె దాదాపు రెట్టింపు, కానీ శుభ్రమైన గది, చెట్ల నీడ ఉన్న వీధి, అడగకుండానే పెట్టిన లూచీ (మైదా పూరీ), ఆలూ కూర. అన్నిటికంటే ముఖ్యం, స్టేడియం నుంచి నడిచి రాగల దూరం. ఫైనల్ రాత్రికి ఆ నడక దూరం విలువ ఎంతో మ్యాచ్ అయ్యాక తెలుస్తుంది.

టికెట్లు ఇంకో పెద్ద పరీక్ష. ఆన్‌లైన్‌లో దొరకని వాళ్లు మైదానంలో క్లబ్ టెంట్ల (క్లబ్ కార్యాలయాలను అక్కడ అలాగే అంటారు) దగ్గర వరుసల్లో నిలబడాలి. రెండు క్లబ్బుల టెంట్లూ ఈడెన్ గార్డెన్స్‌కు నడక దూరంలోనే, ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. వరుసలో నా ముందున్న పెద్దాయన ఎర్ర పసుపు గళ్ల కండువా మడిచి నెత్తిన పెట్టుకుని ఎండ తగలకుండా చూసుకుంటున్నాడు. నేను ఎక్కడి నుంచి వచ్చానో అడిగి, బలరామ్ పేరు వినగానే నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తన స్థానం ముందు నన్ను నిలబెట్టుకున్నాడు. టికెట్ లేకపోయినా ఆ మైదానానికి ఒక పూట కేటాయించండి. మోహన్ బగాన్ క్యాంటీన్లో చికెన్ స్ట్యూ, కాల్చిన రొట్టె తింటూ పాత ఆటగాళ్ల కబుర్లు వినవచ్చు. 1911లో బ్రిటిష్ సైనిక జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ పోటీ గెలిచిన క్లబ్ అది. ప్రత్యర్థి పక్షం వాణ్నైనా అక్కడ గౌరవంతోనే కూర్చున్నాను.

ఇక స్టేడియం. 1997లో ఇదే జోడీ ఫెడరేషన్ కప్ సెమీఫైనల్ ఆడితే 1,31,781 మంది చూశారు. బైచుంగ్ భూటియా హ్యాట్రిక్‌తో ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచిన రోజు అది. 2017 అండర్-17 ప్రపంచకప్ కోసం కుర్చీలు వేసి మార్చాక పట్టేవాళ్ల సంఖ్య బాగా తగ్గింది. ఆట మాత్రం అన్ని వైపుల నుంచీ చక్కగా కనిపిస్తుంది. రెండు పక్షాలకూ గేట్లు వేరు, దారులు వేరు, మధ్యలో పోలీసులు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ జట్ల మ్యాచ్‌లోనే తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఆ ఊరు దాన్ని మరచిపోలేదని గేట్ల దగ్గరి కట్టుదిట్టం చూస్తే తెలుస్తుంది. గొడుగు, నీళ్ల సీసా, సంచి ఏదీ లోపలికి రానివ్వరు. జేబులో టికెట్, ఫోను, కొద్దిగా చిల్లర చాలు. లోపల మాత్రం తాగునీటి ఏర్పాటు ఘోరం. ఒక్క కుళాయి దగ్గర వందలమంది. మరుగుదొడ్ల సంగతి సరేసరి, ఆడవాళ్లతో వెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి.

సగం ఆట దాకా ఇరుపక్షాలూ తూకంగానే ఉన్నాయి. 62వ నిమిషంలో మా సివెరియో ముఖానికి తగిలేలా కాలెత్తినందుకు మోహన్ బగాన్ ఆటగాడు అనిరుధ్ థాపాకు రెండో పసుపు కార్డు, దాంతో ఎర్ర కార్డు. మా గ్యాలరీ అంతా లేచి నిలబడింది. పది మందితో ఇంక వాళ్లేం చేస్తారనుకున్నాం. తొమ్మిది నిమిషాలకే దిమిత్రి పెట్రాటోస్ బంతిని అందుకుని కుడి వైపు నుంచి ఒంటరిగా దూసుకొచ్చాడు. మా డిఫెండర్లు వెనక్కి, ఇంకా వెనక్కి జరిగారే తప్ప ఒక్కరూ అడ్డుపడలేదు. పెనాల్టీ బాక్సు బయటే లోపలికి తిరిగి ఎడమకాలితో కొట్టాడు. మా గోల్‌కీపర్ ప్రభ్‌సుఖన్ గిల్ పూర్తిగా సాగి దూకినా బంతి నేలబారుగా మూలకు వెళ్లిపోయింది. ఆ కాలు తిరగడం నేను గోలుకు ముందే చూశాను. అది తలచుకుంటే ఇప్పటికీ బాధే. 1-0. మోహన్ బగాన్‌కు పదిహేడో డ్యూరాండ్ కప్. చివరి ఈల దాకా మా వాళ్లు జెండాలు దించలేదు. ఓడిన గ్యాలరీలో కూర్చున్నందుకు నాకు విచారం లేదు. ఆ పక్షంతో ఆశపడి, కోపపడి, గొంతు పోగొట్టుకుంటేనే ఫైనల్ చూసినట్టు. ఏ పక్షమూ లేకుండా వెళ్లాలనుకుంటే డబ్బు ఆదా చేసుకుని టీవీలో చూడటం మేలు.

బయటికి వచ్చాక ఊరి రవాణా చేతులెత్తేసింది. టాక్సీవాళ్లు మీటరు మాట వినలేదు, ఫోనులో క్యాబ్ ధర మూడింతలు, బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. ఉల్టాడాంగా వైపు జనం ఏటి వరదలా నడుస్తున్నారు. నేను గెస్ట్‌హౌస్‌కు నడిచి వెళ్లాను. తమ్ముడు గంటన్నర తర్వాత వచ్చాడు, గొంతు రాదు, మొహం వెలిగిపోతోంది. గెలిస్తే ఆనవాయితీ ప్రకారం వాళ్లకు రొయ్యలు. మా పక్షానికి ఇలిశ్, అంటే మన పులస జాతి చేపే. ఓడినా నేను ఇలిశే తిన్నాను. ఆవపెట్టి వండిన ముక్క మెత్తగా, ఘాటుగా బాగుంది. చింతపండు పులుసులో బెండకాయలు వేసి రాత్రంతా ఊరనిచ్చిన పులస రుచి దానికి రాదని మాత్రం గోదావరి వాడిగా నిక్కచ్చిగా చెబుతాను.

ఇప్పుడు వెళ్లేవారికి ఒక సౌకర్యం పెరిగింది. 2025 ఆగస్టులో మెట్రో మధ్య భాగం కూడా కలవడంతో హౌరా స్టేషన్లో దిగి రైలు మారకుండా సాల్ట్‌లేక్ స్టేడియం దాకా వెళ్లవచ్చు. సియాల్దా లాడ్జిలతో ఇక పని లేదు. మ్యాచ్ రోజు రాత్రి చివరి మెట్రో ఎప్పుడో ముందే కనుక్కోండి. తిరుగు టికెట్ ఆ రాత్రికి కాకుండా మర్నాటికి తీసుకుంటే ఉదయం లోకల్ రైలులో బలరామ్ చివరి ఏళ్లు గడిపిన ఉత్తరపారా కూడా వెళ్లి రావచ్చు, హౌరా నుంచి అరగంటకు మించదు.