ఆ అంకె ఎప్పటిది? పీఎస్, టాప్, ప్రాక్‌లతో 11 ఏళ్లు

లైనక్స్ సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో నాకు 11 ఏళ్లు నిండాయి. అందులో సగం నైట్ షిఫ్టులే. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే చేసేది ఒకటే: టెర్మినల్ తెరిచి, నడుస్తున్న ప్రోగ్రాం లోపల ఏం జరుగుతోందో అడగడం. పీఎస్ (నడుస్తున్న ప్రోగ్రాంల జాబితా), టాప్ (ఎవరు ఎంత సీపీయూ తింటున్నారో), ఫ్రీ (మెమరీ లెక్క), ఎల్‌ఎస్‌ఓఎఫ్ (ఎవరు ఏ ఫైలు తెరిచారో) అనే కమాండ్లు, వీటి వెనకున్న /ప్రాక్ అనే ఫోల్డర్. ఇన్నేళ్లూ రోజూ వాడినవి ఇవే. ఎలా వాడాలో మాన్యువల్ పేజీల్లో ఉంటుంది కాబట్టి, నేను ఎక్కడెక్కడ దెబ్బ తిన్నానో చెబుతాను.

మొదటి దెబ్బ పీఎస్‌తోనే. నా వేళ్లకు పీఎస్ పక్కన ఆక్స్ (aux) కొట్టడం అలవాటు. మా టీమ్‌లో పెద్దాయన హైఫన్ ఈఎఫ్ తప్ప ఇంకోటి ముట్టరు. ఒకటి బీఎస్‌డీ ఇంటి ఆచారం, ఇంకోటి సిస్టమ్ ఫైవ్ ఇంటిది (రెండూ పాత యూనిక్స్ వంశాలు), లైనక్స్‌లో రెండూ చెల్లుతాయి. ఆక్స్‌లో సీపీయూ శాతం అని ఒక గడి ఉంటుంది. దాన్ని నేను రెండేళ్లు తప్పుగా చదివాను. అది ఈ క్షణం లెక్క కాదు. ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) పుట్టినప్పటి నుంచి వాడిన సీపీయూ సమయాన్ని దాని వయసుతో భాగిస్తే వచ్చే అంకె. పది రోజులు నిద్రపోయి, గత పది నిమిషాలుగా సీపీయూని నమిలేస్తున్న ప్రోగ్రాం కూడా అక్కడ సున్నాకి దగ్గరగా, బుద్ధిమంతుడిలా కనబడుతుంది. నేను దాన్ని వదిలేసి, అప్పుడే మొదలై పెద్ద అంకె చూపిస్తున్న బ్యాకప్ స్క్రిప్టును చంపేశాను. తెల్లారి తిన్న తిట్లు ఇంకా గుర్తున్నాయి.

టాప్ అలా కాదు, మామూలుగా 3 సెకన్లకోసారి ఆ మధ్యలో జరిగిందే చూపిస్తుంది. అయితే స్క్రిప్టులో పెట్టి వాడేటప్పుడు మొదటి రౌండు అంకెల్ని పక్కన పడేసి రెండో రౌండువి తీసుకోండి, మొదటిదానికి పోల్చుకోవడానికి ముందు కొలత ఉండదు. హెచ్‌టాప్ ఇంకా అందంగా ఉంటుంది, కానీ ప్రతి సర్వర్‌లోనూ ఉండదు. అందుకే నేను దాన్ని అలవాటు చేసుకోలేదు.

ఫ్రీ గురించి ఎక్కువ చెప్పను. ఫ్రీ అనే గడి చూసి మెమరీ అయిపోయిందని టెన్షన్ పడకండి, అవైలబుల్ అనే గడి చూడండి. కంటెయినర్ (ఒకే మెషీన్‌లో ప్రోగ్రాంకి విడిగా కట్టిచ్చిన గది లాంటిది) లోపల మాత్రం ఫ్రీ కమాండ్‌ని అస్సలు నమ్మను. అక్కడ మామూలుగా కనిపించేది హోస్ట్ మెషీన్, అంటే కంటెయినర్‌ని మోసే అసలు మెషీన్ మెమరీ. మన వాటా 2 జీబీ దాటగానే కర్నల్ (లైనక్స్ గుండెకాయ) ప్రోగ్రాం మీద వేటు వేస్తుంది, ఫ్రీ మాత్రం 64 జీబీ ఉందని ఊరిస్తూనే ఉంటుంది. అసలు పరిమితి సీగ్రూప్ (ఎవరికెంత వాటా అని కర్నల్ పెట్టుకునే లెక్క) ఫైళ్లలో చూసుకోవాలి.

ఇక /ప్రాక్. నిజానికి లైనక్స్‌లో పీఎస్, టాప్ చదివేది దీన్నే. నడుస్తున్న ప్రతి ప్రాసెస్‌కీ దాని నంబర్ పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. ఎల్ఎస్ (ఫైళ్ల జాబితా చూపేది) వేస్తే ఫైళ్ల సైజు 0 అని వస్తుంది, క్యాట్ (ఫైలు లోపలిది చూపేది) వేస్తే పేజీలకు పేజీలు. ఆ ఫైళ్లు డిస్కు మీద ఉండవు, మనం చదివినప్పుడు కర్నల్ అప్పటికప్పుడు వండి వడ్డిస్తుంది.

దీని విలువ తెలిసింది ఒక పండగ రాత్రి. డీఎఫ్ చూస్తే డిస్కు 100 శాతం నిండింది. డీయూతో ఫోల్డర్లన్నీ కూడితే సగం కూడా లేదు. గంట వెతికాక తేలింది: ఎవరో పెద్ద లాగ్ ఫైలును ఆర్ఎమ్‌తో తీసేశారు, ప్రోగ్రాం మాత్రం దాన్ని తెరిచే ఉంచుకుని రాసుకుంటూ పోతోంది. పేరు పోయింది, ఫైలు పోలేదు. ప్రాసెస్ ఫోల్డర్‌లో, తెరిచి ఉన్న ఫైళ్ల లింకులుండే ఎఫ్‌డీ అనే చోట చూస్తే ఆ లింకు పక్కన డిలీటెడ్ అని రాసి ఉంది. ఆ లింకు మీదే ఖాళీ చేసే రీడైరెక్ట్ (ఫైలులోదంతా తుడిచేసే > గుర్తు) కొట్టాను. సర్వీస్ ఆగకుండానే డిస్కు ఊపిరి పీల్చుకుంది. ఇంకోసారి ఇదే దారిలో, పొరపాటున తీసేసిన డేటా ఫైలును సీపీ (కాపీ) కమాండ్‌తో వెనక్కి తెచ్చాను. ప్రోగ్రాం ఆగిపోయి ఉంటే ఆ అవకాశం ఉండేది కాదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో కూడా ఇలాంటి ఫైళ్లు పట్టుకోవచ్చు, కాకపోతే పెద్ద సర్వర్ మీద నత్తనడక. నెట్‌వర్క్ డిస్కు ఏదైనా చచ్చిపోయి ఉంటే అది కూడా అక్కడే కూలబడుతుంది.

అదే ప్రాసెస్ ఫోల్డర్‌లో ఉండే ఎన్విరాన్ ఫైలు (ప్రోగ్రాంకి ఇచ్చిన సెట్టింగులు, అంటే వేరియబుల్స్) వల్ల చాలా వాదనలు తెగ్గొట్టాను. 'వేరియబుల్ మార్చాను, అయినా పాత డేటాబేస్‌కే వెళ్తోంది' అంటారు. నడుస్తున్న ప్రాసెస్ ఎన్విరాన్ తీసి చూపిస్తే పాత విలువే ఉంటుంది, ఎందుకంటే మార్చాక సర్వీస్ రీస్టార్ట్ చేయలేదు. కానీ ఇందులోనూ మెలిక ఉంది. అది ప్రాసెస్ మొదలైన క్షణపు ఫొటో. ప్రోగ్రాం తర్వాత తనంతట తాను మార్చుకున్నవి మామూలుగా అందులో కనబడవు. అది తెలియక ఒకసారి నేనే వాదనలో ఓడిపోయాను.

అన్నట్టు, కమాండ్‌తో పాటే పాస్‌వర్డ్ టైప్ చేసే అలవాటు ఉంటే మానుకోండి. మామూలు సెటప్‌లో ఆ మెషీన్ మీద లాగిన్ అయిన ఎవరైనా పీఎస్‌తో దాన్ని చదవగలరు. ఎన్విరాన్ అయితే కనీసం ఆ ప్రోగ్రాం నడుపుతున్న యూజర్‌కి, రూట్‌కి (అన్ని అధికారాలున్న అడ్మిన్) మాత్రమే కనబడుతుంది.

నా పెద్ద ఫిర్యాదు: /ప్రాక్‌కి ఇప్పుడు తప్ప నిన్న తెలియదు. ప్రాసెస్ చచ్చిన క్షణంలో దాని ఫోల్డర్ కూడా మాయం. 'ముందు రీస్టార్ట్ చెయ్యి, తర్వాత చూద్దాం' అని మేనేజర్ ఫోన్‌లో అరుస్తుంటే, రీస్టార్ట్ తర్వాత చూడ్డానికి ఏమీ మిగలదు. అందుకే ఆరు లైన్ల స్క్రిప్టు ఒకటి రాసుకున్నాను. ప్రాసెస్ ఫోల్డర్‌లోని స్టేటస్, లిమిట్స్ ఫైళ్లు, ఎఫ్‌డీ జాబితా, టాప్ రెండు రౌండ్లు ఒక ఫైలులోకి తీసి పెడుతుంది. ఎన్విరాన్ మాత్రం అందులో పెట్టను, పాస్‌వర్డులు ఉంటాయి. ఇప్పుడు ఫోన్‌లో 'చేస్తున్నానండీ' అంటూనే ముందు దాన్ని నడుపుతాను. నాలుగు సెకన్లు పడుతుంది, అవతలి వాళ్లకు తెలియను కూడా తెలియదు.