హైస్కూల్లో బయోటెక్ ప్రయోగాలు: దేనితో మొదలుపెడితే మేలు, ముందు ఎవరికి నేర్పితే మేలు?

హైస్కూల్, ఇంటర్ పిల్లలకు బయోటెక్నాలజీని పాఠంగా కాక పనిగా నేర్పాలనుకున్న స్కూలుకు నాలుగు దారులున్నాయి. పండులోంచి డీఎన్‌ఏ తీయడం, జెల్ ఎలక్ట్రోఫొరెసిస్ అంటే జెల్లీ పలకలో కరెంటు పారించి రంగుల్నో డీఎన్‌ఏ ముక్కల్నో విడదీయడం, బ్యాక్టీరియాలోకి కొత్త జన్యువు పంపడం అంటే ట్రాన్స్‌ఫార్మేషన్, చివరగా పీసీఆర్ అంటే డీఎన్‌ఏలో కావాల్సిన ముక్కకు మిషన్లో లెక్కలేనన్ని నకళ్లు తీయడం. వీటితోపాటే ఇంకో లెక్క కూడా తేల్చుకోవాలి. ఉన్న కాస్త డబ్బుతో పిల్లల్ని ఒకరోజు పెద్ద ల్యాబ్‌కు తీసుకెళ్లాలా, లేక సైన్సు టీచర్‌ను శిక్షణకు పంపాలా? మా మాట ముందే చెప్పేస్తాం: రంగుల జెల్‌తో మొదలుపెట్టండి, టీచర్‌ను ముందు పంపండి.

అరటిపండు డీఎన్‌ఏ

అన్నిటికన్నా చవక ఇదే. 100 మి.లీ. నీళ్లలో అర చెంచా ఉప్పు, రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలపాలి. సగం అరటిపండును జిప్ కవర్లో మెత్తగా నలిపి, ఈ నీళ్లు పోసి, నురగ రాకుండా నిదానంగా కలిపి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. టెస్ట్‌ట్యూబులో 5 మి.లీ. రసం తీసుకుని, డీప్ ఫ్రీజర్లో పెట్టి తీసిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 10 మి.లీ. గోడ వెంబడి జారవిడిస్తే అయిదు నిమిషాల్లో తెల్లటి దారాలు తేలతాయి. సబ్బు కణాల పొరల్ని చీలుస్తుంది, ఉప్పు డీఎన్‌ఏ మీది రుణావేశాన్ని కప్పేస్తుంది, ఆల్కహాల్లో అది కరగక గడ్డకడుతుంది.

చెడిపోయేది ఎక్కువగా ఆల్కహాల్ దగ్గరే. శానిటైజర్లో సుమారు మూడో వంతు నీళ్లే, దారాలు సరిగ్గా రావు. గట్టిగా కుదిపితే డీఎన్‌ఏ తెగిపోయి మబ్బులా కనిపిస్తుంది తప్ప పుల్లకు చుట్టుకోదు. ఇథనాల్ కోసం ఎక్సైజ్ అనుమతుల తంటా ఎందుకు, ఐసోప్రొపైల్ చాలు.

చిక్కేమిటంటే, ఆ తెల్లదంతా డీఎన్‌ఏ కాదు. అందులో పెక్టిన్ అనే పండు జిగురు, ప్రొటీన్లు, ఆర్‌ఎన్‌ఏ కూడా ఉంటాయి. జెల్లీ ముద్దలా తేలితే అందులో ఎక్కువ భాగం పెక్టినే. పిల్లలు చప్పట్లు కొట్టి ఇంటికెళ్తారు, ఏం చూశారో మాత్రం రుజువు లేదు. సబ్బు లేకుండా ఒక ట్యూబు, ఉప్పు లేకుండా ఇంకోటి పక్కనే పెట్టి పోల్చిస్తేనే దీనికి విలువ. మొదటి పీరియడ్‌కు పనికొస్తుంది, దీన్నే శిక్షణ అనుకుంటే పొరపాటు.

రంగుల జెల్

మా ఓటు దీనికే. కారణం ఒక్కటే: తప్పు చేస్తే అది గంటలోపే కళ్లముందు కనపడుతుంది, ఎందుకు జరిగిందో పిల్లలే కనిపెట్టగలరు.

అసలు డీఎన్‌ఏకి వెళ్లకముందు తినే రంగులతో చేయించండి. 7 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. పొడవు ట్రేకి 50 మి.లీ. జెల్ చాలు, అందులో జెల్ కట్టే పొడి అగరోజ్ అర గ్రాము అంటే 1 శాతం. అగరోజ్ దొరకకపోతే కిరాణా కొట్లో అమ్మే చైనా గ్రాస్ అర గ్రాము తీసుకుని, ముందు నానబెట్టి, తర్వాత కరిగించండి. చైనా గ్రాస్ మీద సహజంగానే కొంత విద్యుదావేశం ఉంటుంది కాబట్టి రంగులు కాస్త నెమ్మదిగా, కాస్త పరుచుకుని నడుస్తాయి. డీఎన్‌ఏకి అది పనికిరాదు గానీ రంగులకు సరిపోతుంది. బఫర్‌గా, అంటే జెల్‌ను ముంచి కరెంటు పారించే ద్రావణంగా, లీటరు నీళ్లలో 2 గ్రాముల తినే సోడా వేయండి. జెల్ కూడా ఈ నీళ్లతోనే కాయాలి. మామూలు నీళ్లతో కాచిన జెల్లో కరెంటు సరిగా పారదు, రంగు వేసిన గుంటలోనే కూర్చుంటుంది. సోడా మరీ ఎక్కువైతే కరెంటు ఎక్కువ లాగి జెల్ వేడెక్కి మెత్తబడుతుంది.

కరిగిన జెల్లో గాజు ముక్కల్లా మెరిసేవి ఒక్కటి కూడా మిగలకూడదు. సీసాను చేత్తో పట్టుకోగలిగేంత, అంటే 55 నుంచి 60 డిగ్రీలకు చల్లారాక, రంగు వేసే గుంటలు ఏర్పడేలా కోంబ్ అనే పళ్ల దువ్వెన నిలబెట్టిన ట్రేలో పోసి, 30 నిమిషాలు కదపకండి. కోంబ్ తొందరపడి పీకితే గుంటల అడుగు చిరుగుతుంది, వేసిన రంగు జెల్ కిందికి జారిపోతుంది. మీద బఫర్ పోశాకే కోంబ్ తీస్తే ఈ గొడవ సగం తగ్గుతుంది.

పవర్ కోసం అయిదు 9 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపితే 45 వోల్టులు. గోడ ప్లగ్గు నుంచి ఇంట్లో తయారుచేసిన సర్క్యూట్ ఏదైనా సరే, పిల్లల దగ్గరికి రానివ్వకండి. బ్యాటరీలైనా తీగ ఊడదీశాకే బఫర్లో వేలు పెట్టాలి. ఎలక్ట్రోడ్లుగా లావు పెన్సిల్ గ్రాఫైట్ కడ్డీలు పెట్టండి. సోడా బదులు ఉప్పు వాడదామని ఎవరైనా అంటారు, ఒప్పుకోవద్దు: ఉప్పునీళ్లలో కరెంటు పారితే క్లోరిన్ వస్తుంది, స్టీలు తీగ ఉంటే క్రోమియం కూడా నీళ్లలో దిగుతుంది.

రంగు పొడి చిటికెడు, నాలుగో వంతు గ్లిజరిన్ కలిపిన నీళ్లలో వేయాలి. గ్లిజరిన్ లేకపోతే రంగు గుంటలో దిగకుండా బఫర్లో పొగలా లేచిపోతుంది. గుంటలు నలుపు (మైనస్) తీగ వైపు ఉండాలి, రంగు ఎరుపు (ప్లస్) తీగ వైపు పరుగెత్తాలి. సరిగా కలిపారో లేదో ముందే చెప్పే గుర్తు ఒకటుంది: నలుపు కడ్డీ దగ్గర బుడగలు ఎక్కువ రావాలి, అక్కడ పుట్టేది హైడ్రోజన్, ఎరుపు దగ్గర పుట్టే ఆక్సిజన్‌కు రెండింతలు.

ఇక్కడ పిల్లలు ఆగి చూసేది ఆకుపచ్చ రంగు. మిఠాయిల్లో వాడే పచ్చ పొడి సాధారణంగా టార్ట్రజీన్ పసుపూ, బ్రిలియంట్ బ్లూ నీలమూ కలిపినదే. అరగంటలో గుంటలోని పచ్చ రెండుగా చీలి, పసుపు ముందు, నీలం దాని వెనక నడుస్తాయి. ఇంకో గుంటలో ల్యాబ్‌లో ఉన్న మిథిలీన్ బ్లూ వేయండి, అది ధనావేశం ఉన్న రంగు కాబట్టి మరకలా పరుచుకుంటూ నెమ్మదిగా వెనక్కి నడుస్తుంది. దానికోసమే ఒక జెల్లో కోంబ్‌ను మధ్యలో పెట్టి పోయాలి. ‘అన్నీ ఎరుపు వైపే ఎందుకు పోవు?’ అని వాళ్లే అడుగుతారు, ఆవేశం పాఠం అక్కడ మొదలుపెట్టండి.

40 నిమిషాల పీరియడ్‌లో ఇదంతా పట్టదు. ఒకరోజు జెల్ పోసి, బఫర్లో ముంచి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు నడపండి.

ఇది చేతికొచ్చాక డీఎన్‌ఏ. లామ్డా ఫేజ్ అనే వైరస్ డీఎన్‌ఏ 48,502 బేస్ జతల పొడవు, దాన్ని కొన్ని చోట్లే కత్తిరించే హిండ్‌త్రీ ఎంజైమ్‌తో కోస్తే 8 ముక్కలు. నడిపేముందు 65 డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలు వేడిచేసి వెంటనే ఐసులో పెట్టాలి, లేకపోతే 23,130, 4,361 జతల ముక్కలు కొసల దగ్గర అతుక్కుని లెక్క తప్పుతుంది. డీఎన్‌ఏ కనపడేలా రంగు వేయడానికి ఎథిడియం బ్రోమైడ్ వాడతారు గానీ, మన జన్యువుల్నీ మార్చే ప్రమాదం ఉంది కాబట్టి అది స్కూలు గుమ్మం తొక్కకూడదు. నీలి ఎల్‌ఈడీ వెలుతురులో మెరిసే సైబర్ సేఫ్ లాంటివి చాలు.

ట్రాన్స్‌ఫార్మేషన్

నేర్పే విలువలో దీన్ని మించింది లేదు. జెల్లీ చేపలో మెరిసే జీఎఫ్‌పీ ప్రొటీన్ జన్యువును ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఇ.కోలై బ్యాక్టీరియాలోకి పంపుతారు. ఆ ప్రొటీన్ కనుగొని పనికి తెచ్చినందుకు 2008లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. ఈ ప్రయోగానికి అమ్మే పీగ్లో కిట్‌లో నాలుగు ప్లేట్లుంటాయి, వాటిలో మెరిసేది ఒక్కటే: ప్లాస్మిడ్, యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్, జన్యువును పనిలో పెట్టే అరబినోజ్ చక్కెర మూడూ ఉన్నది. ప్లాస్మిడ్ ఉన్నా అరబినోజ్ లేని ప్లేట్ మీద, ఆ మందును తట్టుకునే శక్తి ప్లాస్మిడే ఇస్తుంది కాబట్టి బ్యాక్టీరియా బతుకుతుంది, కానీ మెరవదు. జన్యువు ఉండటం వేరు, పని చేయడం వేరు అని ఇంత సూటిగా చెప్పే ప్రయోగం ఇంకోటి లేదు.

చెడిపోయేది వేడి దెబ్బ దగ్గర, అంటే ప్లాస్మిడ్ లోపలికి పోయేలా బ్యాక్టీరియాను ఒక్కసారిగా వేడిచేసే చోట. ఐసులో 10 నిమిషాలు, 42 డిగ్రీల నీళ్లలో సరిగ్గా 50 సెకన్లు, మళ్లీ ఐసులో 2 నిమిషాలు. మధ్యలో ట్యూబు పట్టుకుని తరగతి అటు నుంచి ఇటు నడిస్తే కాలనీలు రావు, ఐసు డబ్బా, వేడినీళ్ల మగ్గు పక్కపక్కనే ఉండాలి. ప్లేట్లు పోసేటప్పుడు అగర్ 50 డిగ్రీల దగ్గరికి దిగకముందే యాంపిసిలిన్ కలిపితే మందు పాడవుతుంది, అన్ని ప్లేట్లలోనూ బ్యాక్టీరియా పచ్చికలా పెరుగుతుంది.

మరి దీన్నే ముందు ఎందుకు పెట్టలేదంటే, పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నిబంధనలు మన దేశంలో జన్యుమార్పిడి సూక్ష్మజీవులతో చేసే పనికి వర్తిస్తాయి, ఆ పని చేసే సంస్థకు బయోసేఫ్టీ కమిటీ ఉండాలి. స్కూలుకు అది ఉండదు. అమెరికాలో మనవాళ్ల పిల్లలు హైస్కూల్లోనే చేస్తున్నారు కదా అని కిట్ తెప్పించుకోవద్దు. కమిటీ ఉన్న యూనివర్సిటీ లేదా పరిశోధన సంస్థలో, వాళ్ల పర్యవేక్షణలో చేయించండి. చేతికి అలవాటు కావడానికి స్కూల్లో బ్రెడ్ ఈస్ట్‌ను అగర్ ప్లేట్ మీద గీతలుగా గీయించండి. నేల, వేళ్లు రుద్దిన ప్లేట్లను మాత్రం మూత టేపు వేసి, మళ్లీ తెరవకుండా చూడాలి. ఏం పెరిగిందో తెలియదు. పారేసే ముందు ప్రెషర్ కుక్కర్లో 20 నిమిషాలు ఉడికించాలి.

పీసీఆర్

పేరు గొప్పది, కానీ మొదటి ఏడు దీని జోలికి వెళ్లొద్దు. మిషన్లో ట్యూబు పెట్టి గంటా రెండు గంటలు ఆగడమే పిల్లల పని. ఫలితం రాకపోతే నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్క, అంటే ప్రైమర్ తప్పా, డీఎన్‌ఏ మురికా, ఎంజైమ్ చచ్చిందా అని తేల్చే దారి స్కూల్లో ఉండదు. ఎంజైమ్‌లకు మైనస్ 20 డిగ్రీలు కావాలి. ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్ తనంతట తను మంచు కరిగించుకోడానికి వేడెక్కుతూ ఉంటుంది, అందులో పెడితే నెమ్మదిగా పాడవుతాయి. వరంగల్, గుంటూరు వైపు పత్తి ఆకులో బీటీ జన్యువు చూపిద్దామన్న ఆశ మంచిదే, కానీ పత్తి ఆకులోని పాలీఫినాల్స్ డీఎన్‌ఏని గోధుమరంగుకు తిప్పి పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. దానికన్నా బీటీ జన్యువు తయారుచేసే క్రై ప్రొటీన్‌ను పట్టే స్ట్రిప్ టెస్ట్ నయం, పది పదిహేను నిమిషాల్లో గీత కనపడుతుంది. పిల్లల సొంత డీఎన్‌ఏతో చేసే ప్రయోగాలైతే తల్లిదండ్రుల సమ్మతి లేకుండా అసలు వద్దు.

బస్సులో పిల్లలా, శిక్షణకు టీచరా?

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ లాంటి చోటికి వెళ్లడం వల్ల పిల్లలకు ఉత్సాహం వస్తుంది. 2017లో మొదలైన సీఎస్‌ఐఆర్ జిజ్ఞాస కార్యక్రమం కూడా స్కూళ్లను పరిశోధన సంస్థలతో కలపడానికే. కానీ బస్సెడు పిల్లలు ఒకరోజులో వెళ్తే ఒక్కొక్కరి చేతికి పిపెట్, అంటే చిన్న చుక్కల్ని కొలిచి వేసే పరికరం, ఒకట్రెండుసార్లు అందితే గొప్ప. పిపెట్ అలా రాదు. పైనున్న బటన్‌ను మొదటి ఆగు దాకా నొక్కి ద్రవం లాగాలి, రెండో ఆగు దాకా నొక్కి వదలాలి. రెండోదాకా నొక్కి లాగితే ఎక్కువ ద్రవం వస్తుంది. గుంటలో వదిలాక కొస బయటికి తీయకముందే బొటనవేలు ఎత్తితే వేసిందంతా వెనక్కి వచ్చేస్తుంది. 20 మైక్రోలీటర్లు పదిసార్లు వేసి తూస్తే 0.2 గ్రాము రావాలి, వచ్చేదాకా చేయించాలి. దీనికి పట్టే సమయం స్కూల్లోనే దొరుకుతుంది, అంటే నేర్పేవాళ్లు స్కూల్లోనే ఉండాలి.

అమెరికాలో 1990 నుంచి నడుస్తున్న ఆమ్‌జెన్ బయోటెక్ ఎక్స్‌పీరియన్స్ పద్ధతి ఇదే: ముందు టీచర్‌కు శిక్షణ, ఆ తర్వాత పరికరాలు స్కూలుకు అరువు. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ సైన్సు వ్యాన్లను ఊళ్లు తిప్పుతోంది కాబట్టి సామాను తిరగడం మన దగ్గరా కొత్త కాదు. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న స్కూళ్లలో జెల్ ట్రేలు, కోంబ్‌లు పిల్లలే త్రీడీ ప్రింటర్ మీద చేసుకోవచ్చు.

టీచర్ శిక్షణల్లోనూ తేడాలున్నాయి. జెల్‌లు ముందే పోసి, ప్లేట్లు ముందే చేసి, టీచర్ల చేత చివరి అంచె మాత్రం చేయించేవి చాలా. అక్కడ అంతా సాఫీగా సాగుతుంది, స్కూలుకొచ్చాక బఫర్ ఎలా పలచన చేయాలో తెలియదు. డీఎన్‌ఏ జెల్‌కు వాడే టీఏఈ అనే బఫర్ 50 రెట్లు చిక్కగా దొరుకుతుంది, దాని నుంచి లీటరు బఫర్‌కు 20 మి.లీ. తీసి 980 మి.లీ. నీళ్లు కలపాలన్న చిన్న లెక్క దగ్గరే సగం కిట్లు అల్మారా ఎక్కుతాయి. శిక్షణకు ఒప్పుకునేముందు అడగండి: జెల్ మేమే కాస్తామా, కావాలని తప్పు చేసి చూస్తామా, చివర్లో కడిగి సర్దేది ఎవరు? ఒకే స్కూలు నుంచి ఇద్దరు టీచర్లు వెళ్లేలా చూడండి, బదిలీలు మన దగ్గర మామూలే.

నాలుగైదు స్కూళ్లు కలిసి ఒక జెల్ పెట్టె, పవర్ సప్లయ్, రెండు పిపెట్లు కొని నెలకో చోట తిప్పుకోవచ్చు. డబ్బాలో ఒక కాగితం పెట్టి, ఏం విరిగిందో ఏం అయిపోయిందో స్కూలు మారినప్పుడల్లా రాయాలి. ముందు అయిపోయేవి పిపెట్ టిప్పులు, ముందు విరిగేది కోంబ్ పళ్లు. ఆ రెండూ అదనంగా డబ్బాలోనే ఉంచాలి.