బెంగళూరులో సెకండ్‌హ్యాండ్ ఫిష్‌ఐ కొంటున్నారా? ఆ "180 డిగ్రీల" మాట నమ్మకండి

క్రాప్ సెన్సర్ కెమెరాకి (అంటే ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉన్నదానికి) ఫిష్‌ఐ లెన్స్, అదే గీతల్ని గుండ్రంగా వంచి చాలా వెడల్పు చూపించేది, వెతుకుతున్నవాళ్లు డబ్బు ఇచ్చే ముందు ఇది చదవండి. ఇక్కడ పాత లెన్సుల షాపుల్లో 15, 16 ఎంఎం ఫిష్‌ఐలని "180 డిగ్రీలు" అని చెప్పి అంటగడుతున్నారు. ఆ 180 అబద్ధం కాదు, కానీ అది ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో. మన క్రాప్ బాడీకి తగిలిస్తే మూల నుంచి మూలకి 110 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది.

నేను కొన్నది ఎస్పీ రోడ్డు వైపు ఒక షాపులో. పేరు ఇక్కడ రాయను. కౌంటర్లో ఉన్నది మన తెలుగతనే. "నాది నికాన్ డీ5600, క్రాప్ బాడీ. దీంట్లో 180 వస్తుందా?" అని సూటిగానే అడిగాను. "ఎందుకు రాదన్నా, మనోళ్లకి అబద్ధం చెప్తానా" అన్నాడు. ఆఫీసు నుంచి నేరుగా వెళ్లాను, కెమెరా మారతహళ్లిలో ఇంట్లో ఉంది. అతనే షాపు కెమెరాకి లెన్స్ తగిలించి, కాస్త వంచి పట్టుకుని చూపించాడు. స్క్రీన్ మీద ఒక మూల నెత్తిమీది ట్యూబ్‌లైటు, ఎదురు మూల అతని చెప్పులు! 18,000 ఇచ్చి తెచ్చుకున్నాను. ఆ కెమెరా ఫుల్ ఫ్రేమ్ అన్న ముక్క మాత్రం అతని నోట రాలేదు.

లాల్‌బాగ్ గ్లాస్ హౌస్‌కి తీసుకెళ్తే అసలు రంగు బయటపడింది. పైకప్పు ఇనుప కమానులు బోర్లించిన గిన్నెలా గుండ్రంగా రావాలి కదా. ఇందులో అంచున ఉన్న స్తంభాలు కొంచెం వంకరపోయాయి, అంతే. చూసినవాళ్లు ఫిష్‌ఐ అనుకోరు, లెన్స్ చెడిపోయిందనుకుంటారు. పైగా ఈ లెన్సులో ఫోకస్ తిప్పే మోటారు లేదు, డీ5600 బాడీలోనూ లేదు. అంటే ఆటోఫోకస్ కూడా పోయింది.

ఇంకా ఒళ్లు మండే విషయం ఏమిటంటే, మామూలు 10-20 ఎంఎం వైడ్ జూమ్ కూడా 10 దగ్గర దాదాపు ఇంతే వెడల్పు చూపిస్తుంది, అదీ గీతలు తిన్నగా ఉంచి. ఇక క్రాప్ బాడీ మీద 15 ఎంఎం ఫిష్‌ఐ ఎందుకు కొనాలో నాకైతే అర్థం కాలేదు.

తిరిగి ఇవ్వడానికి వెళ్తే, "సెకండ్‌హ్యాండ్‌కి రిటర్న్ ఉండదు, కావాలంటే 9,000కి నేనే తీసుకుంటా" అన్నాడు. మనోళ్లం అన్న మాట అప్పుడు గుర్తు రాలేదు పాపం. బిల్లు మీద "లెన్స్ 1" అని తప్ప ఇంకేమీ లేదు. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను, కానీ ఆ బిల్లుతో వాదించడం కష్టంగానే ఉంది. మీరు మాత్రం బిల్లు మీద లెన్స్ పూర్తి పేరు, సీరియల్ నంబరు, "ఫలానా కెమెరాలో 180 డిగ్రీలు" అన్న మాట రాయించుకోండి. రాయనంటే బయటికి వచ్చెయ్యండి.

క్రాప్‌కి నిజంగా పనికొచ్చేవి వేరే ఉన్నాయి. నికాన్ డీఎక్స్ (నికాన్ క్రాప్‌కి పెట్టుకున్న పేరు) 10.5 ఎంఎం మంచిదే, కానీ డీ3500, డీ5600 లాంటి బాడీల్లో ఆటోఫోకస్ చెయ్యదు, డీ7200 లాంటి వాటిలో చేస్తుంది. టోకినా 10-17 జూమ్ నికాన్ మౌంటుదీ అదే కథ. కెనాన్ 8-15 ఖరీదైనది, క్రాప్‌లో 10 దగ్గర ఫ్రేమ్ నిండుతుంది. నన్నడిగితే సామ్యాంగ్ 8 ఎంఎం చాలు. నికాన్ క్రాప్‌లో 180 వస్తుంది, కెనాన్ క్రాప్‌లో 167. పూర్తిగా మాన్యువలే, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, కానీ దానికి టెన్షన్ పడకండి. అపర్చర్ ఎఫ్8 దగ్గర ఉంచి ఫోకస్ ఒక మీటరుకి పెడితే అడుగు దూరం నుంచి కొండల దాకా అన్నీ షార్ప్‌గానే వస్తాయి. లెన్స్ మీది దూరం గుర్తుని గుడ్డిగా నమ్మొద్దు, లైవ్ వ్యూలో (కెమెరా వెనక స్క్రీన్ మీద) పెంచి చూసుకోండి.

ఫుల్ ఫ్రేమ్ కోసం చేసిన 8 ఎంఎం సర్క్యులర్ ఫిష్‌ఐ (ఫొటో వృత్తంలా వచ్చేది) చూపించినా వద్దనండి. క్రాప్‌లో వృత్తం పైనా కిందా తెగిపోతుంది, మూలలు నల్లగా ఉంటాయి. కిట్ లెన్స్ ముందు తిప్పి బిగించే 0.42ఎక్స్ గాజు ముక్కనీ ఫిష్‌ఐ అనే అమ్ముతారు. దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అంచులన్నీ మసక.

పరీక్ష మాత్రం మీ సొంత కెమెరాతోనే చెయ్యండి. షాపు గుమ్మం మధ్యలో, లెన్స్ ద్వారబంధాలకి బెత్తెడు మాత్రమే లోపల ఉండేలా నిలబడి బయటికి చూస్తూ, ఫ్రేమ్ మూలలు అడ్డంగా వచ్చేలా కెమెరాని ఏటవాలుగా తిప్పండి. 180 లెన్స్ అయితే రెండు వైపుల ద్వారబంధాలూ మూలల్లో కనిపించి తీరాలి. 15 ఎంఎం అయితే ఎంత తిప్పినా రెండూ కలిసి రావు. తర్వాత ఫోన్ టార్చ్ వెనక వైపు నుంచి వేసి లోపల ఫంగస్ దారాలేమైనా ఉన్నాయా చూడండి. ముందు గాజు ఉబ్బెత్తుగా ఉంటుంది, ఫిల్టర్ పట్టదు కాబట్టి గీతలు సులభంగా పడతాయి. ఇంత వెడల్పు లెన్సులో సూర్యుడు ఎక్కడో ఒకచోట ఫ్రేములోకి వస్తూనే ఉంటాడు, ఆ గీతలన్నీ అప్పుడు మెరుస్తాయి.

నా దగ్గరున్న లెన్సులో గీతలూ లేవు, ఫంగసూ లేదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉన్నవాళ్లకి కావాలంటే అడగండి. కెమెరా మాత్రం వెంట తెచ్చుకోండి.