విశాఖ తీరంలో ఇల్లు: రుషికొండా, మధురవాడా, భీమిలా? భద్రత చూస్తే ఏది మేలు?

"రుషికొండ దగ్గర ఫ్లాట్ చూశామండీ, ఏరియా సేఫేనా?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది. కొందరు మధురవాడతో పోల్చి చెప్పమంటారు, ఇంకొందరు భీమిలి సంగతి అడుగుతారు. వీళ్ళలో హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో ఫోన్ చేసేవాళ్ళే ఎక్కువ. కొనేది తాము ఉండటానికి కాదు, ఇక్కడున్న అమ్మానాన్నల కోసం. మా అత్తమామల కోసం ఇల్లు వెతుకుతూ నేను కూడా ఈ మూడు చోట్లా తిరిగాను, చివరికి ఒకటి ఎంచుకున్నాను. కాబట్టి నా మొగ్గు ఒకవైపే ఉంటుంది, దాచడం లేదు. ధరలు, మంచినీళ్ళు, స్కూళ్ళ సంగతి వేరేవాళ్ళు బోలెడు చెప్పారు. ఇక్కడ దొంగల భయం, రాత్రిపూట తిరగడం, ప్రాణానికి ముప్పు మాత్రమే చూద్దాం.

ముందు అంకెల గొడవ తేల్చుకోవాలి. అందరూ "క్రైమ్ రేట్ ఎంత?" అనే అడుగుతారు. కాలనీవారీగా అలాంటి అంకె ఎక్కడా దొరకదు. ఏటా డిసెంబరు చివర్లో పోలీసు కమిషనర్ ప్రెస్ మీట్ పెట్టి చెప్పేది నగరం మొత్తం లెక్క. దేశమంతటి నేరాల లెక్కలు చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా వేసే నివేదికలో నగరాల పట్టికలు 20 లక్షల జనాభా దాటిన 19 నగరాలకే ఉంటాయి. అందులో హైదరాబాద్ ఉంది, విశాఖ లేదు. మన లెక్క జిల్లాల పట్టికలో ఒకే ముద్దగా కనిపిస్తుంది. పైగా లక్ష జనాభాకు ఇన్ని నేరాలు అని కట్టే ఆ రేటుకు ఆధారం 2011 జనగణన మీద వేసిన అంచనా. 2011లో మధురవాడ పక్కనున్న కొమ్మాది ఎలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో చూసినవాళ్ళకు ఆ అంచనా మీద ఎంత నమ్మకం పెట్టాలో తెలుసు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలున్నా, ఆ నివేదిక వాటిలో పెద్దదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. నంబియో లాంటి సైట్లలో కనిపించే "క్రైమ్ ఇండెక్స్" అయితే పోలీసు లెక్కే కాదు. సైట్‌కి వచ్చినవాళ్ళు తమకు ఎంత భయంగా ఉందో నొక్కి చెప్పిన సర్వే అది.

పనికొచ్చేది ఒకటుంది. ఎఫ్‌ఐఆర్‌లను ఆన్‌లైన్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. సున్నితమైన కేసులు తప్ప మిగతావి రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఈ వైపు ఉన్న ఆరిలోవ, పీఎం పాలెం, భీమిలి స్టేషన్లవి కొన్ని నెలలవి తీసి చదవండి. ఎన్ని కేసులని లెక్కపెట్టకండి, ఏ రకం కేసులో చూడండి. ఎక్కువ కేసులు నమోదైన స్టేషన్ చెడ్డదని కాదు, ఫిర్యాదు తీసుకునే స్టేషన్ అని కూడా కావచ్చు. ఇంటి ముందు పెట్టిన బైకు పోవడం ఒక రకం, తాళం వేసిన ఇంట్లో దొంగలు పడటం ఇంకో రకం. ఇంట్లో పెద్దవాళ్ళను పెట్టేవాళ్ళకు రెండోదే ముఖ్యం. మెళ్ళో గొలుసు తెంపుకుపోవడం ఇప్పుడు ప్రత్యేకమైన నేరం, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దానికి 304 సెక్షన్ పెట్టారు. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళే అత్తగార్లున్న ఇళ్ళవాళ్ళు ఆ సెక్షన్ కేసులు వెతుక్కుంటే వీధుల పేర్లు కూడా తెలుస్తాయి.

ఇక రుషికొండ, సాగర్‌నగర్, ఎండాడ వైపు. చూడగానే ఇదే సేఫ్ అనిపిస్తుంది. బీచ్ రోడ్డు వెడల్పుగా ఉంటుంది, లైట్లుంటాయి, గీతం యూనివర్సిటీ విద్యార్థుల పుణ్యమా అని పొద్దుపోయేదాకా టీ బడ్డీల దగ్గర జనం ఉంటారు. టూరిస్టులు, వీఐపీలు తిరిగే దారి కాబట్టి పోలీసు బండ్లు కూడా కనిపిస్తూనే ఉంటాయి. శని, ఆదివారాల రాత్రి మాత్రం వేరే లోకం. తాగి బండ్లు నడిపేవాళ్ళు, బైకు రేసులు, వాటి వెనకాల గొడవలు. ఇవి అక్కడ ఉండేవాళ్ళు చేసేవి కావు, ఊరంతా వచ్చి చేసేవి. అందుకే ఈ ఏరియా పేరు పేపర్లో ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని చూసి భయపడనక్కర్లేదు. మెయిన్ రోడ్డు మీద ఇల్లు తీసుకోకపోతే చాలు.

నన్ను వెనక్కి లాగింది వేరే సంగతి. సముద్రం కనిపించే ఫ్లాట్లలో చాలావరకు ఎవరూ ఉండరు. ఓనర్ ఎక్కడో విదేశంలో ఉంటాడు, సంక్రాంతికి వస్తే వస్తాడు. ఇంకో ఫ్లాట్ రేటు పెరిగాక అమ్ముదామని కొన్నది. మరొకటి రోజు అద్దెకు ఇచ్చేది, ప్రతి వారం కొత్త మొహాలే. సాయంత్రం ఎనిమిదింటికి కిందనుంచి పైకి చూస్తే ఒక్కో అంతస్తులో ఒక్కో దీపం. గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటాడు, సీసీ కెమెరాలుంటాయి, లిఫ్టుకి కార్డు ఉంటుంది. కానీ అర్ధరాత్రి మామయ్యగారికి గుండెల్లో నొప్పి వచ్చి తలుపు కొడితే తీసే పక్కింటివాళ్ళు లేరు.

2023 జూన్‌లో ఏం జరిగిందో గుర్తుందా? అప్పటి విశాఖ ఎంపీ కొడుకును రుషికొండలో ఆయన ఇంట్లోనే బంధించారు. మర్నాడు ఆయన చేతే ఫోన్ చేయించి తల్లిని, ఆ తర్వాత వాళ్ళ ఆడిటర్‌ను కూడా అక్కడికే రప్పించారు. బయటపడేసరికి రెండు రోజులు గడిచింది. పోలీసులు తెలిసిన వెంటనే కదిలి గంటల్లో పట్టుకున్నారు, అది వేరే సంగతి. కానీ ఎంపీ కుటుంబం ఇంట్లో అంత జరుగుతుంటే చుట్టుపక్కల ఎవరికీ అనుమానం వచ్చినట్టు లేదు. ఇరుగుపొరుగు లేని చోటు అంటే నా భయం అదే. కిడ్నాప్ మనలాంటివాళ్ళకు జరగదు. కానీ పైపు పట్టుకుని పైకెక్కి వంటగది కిటికీలోంచి దూరే దొంగకు కూడా అలాంటి చోటే కావాలి.

అందుకే నా లెక్కలో అన్నింటికన్నా ముఖ్యమైనది వెలిగే కిటికీలు. ఇల్లు చూడటానికి పగలు వెళ్ళకండి, లేదా వెళ్ళినా సరే, రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ ఒకసారి వెళ్ళండి. ఎన్ని ఫ్లాట్లలో లైట్లున్నాయో చూడండి. వాచ్‌మన్‌ని "ఎంతమంది ఫ్యామిలీలతో ఉంటున్నారు?" అని అడగండి, బిల్డర్‌ని కాదు. వీధి చివర కిరాణా కొట్టు ఉందా, ఎన్నింటిదాకా తీసి ఉంచుతాడో కనుక్కోండి. పది దాటాక కూడా షట్టర్ దించని కొట్టు ఒకటి ఉందంటే ఆ వీధికి నేను మార్కులు ఎక్కువ వేస్తాను. పాలవాడు, ఇస్త్రీ బండి, సాయంత్రం మెట్ల మీద కూర్చునే ఆడవాళ్ళు ఉన్న వీధిలో కొత్తవాడు రెండుసార్లు తిరిగితే మూడోసారి "ఎవరు కావాలి బాబూ?" అని అడుగుతారు.

ఈ కొలతతో చూస్తే మధురవాడ గెలుస్తుంది. మధురవాడ అంతా కాదు. హైవేకి ఆనుకుని కొత్తగా లేచిన టవర్లు రుషికొండకు తీసిపోవు, సగం ఖాళీ. నేను చెప్పేది పాత కాలనీల గురించి: మిథిలాపురి వుడా కాలనీ, పీఎం పాలెం లోపలి వీధులు. నగరాభివృద్ధి సంస్థ వుడా పోయి దాని స్థానంలో వీఎంఆర్‌డీఏ వచ్చి ఏళ్ళయినా ఆ కాలనీకి పాత పేరే. రిటైరైన ఉద్యోగులు, స్టీల్‌ప్లాంట్ వాళ్ళు, ఐటీ కొండల మీద పనిచేసే కుర్రాళ్ళు కలిసి ఉంటారు. ఒకరు పొద్దున్నే నాలుగింటికి లేస్తే, ఇంకొకరు నైట్ షిఫ్ట్ నుంచి అప్పుడే వస్తుంటారు. వీధి ఎప్పుడూ పూర్తిగా నిద్రపోదు. సముద్రం కనిపించదు, నిజమే. బీచ్‌కి బండి మీద వెళ్ళి రావచ్చు.

మధురవాడకు కూడా మచ్చలున్నాయి. 2024 ఫిబ్రవరిలో కొమ్మాదిలో ఒక తహసీల్దారును ఆయన ఉండే అపార్ట్‌మెంట్ దగ్గరే ఇనప రాడ్డుతో కొట్టి చంపారు. భూమి పత్రాల వ్యవహారమే కారణమని పోలీసులు చెప్పారు. ఏరియా పేరు చెడింది కానీ, అది దారినపోయేవాళ్ళ మీద జరిగే నేరం కాదు. ఏజెన్సీ నుంచి వచ్చే గంజాయి బెడద నగరమంతటా ఉంది, కాలేజీలు, హాస్టళ్ళు ఎక్కువున్న ఈ వైపు ఇంకాస్త. ఖాళీ ప్లాట్లలో తుప్పలు పెరిగిన చోట చీకటి పడ్డాక కుర్రాళ్ళ గుంపులు చేరతాయి. ఇల్లు అలాంటి ప్లాట్ పక్కన ఉంటే కాలనీ ఎంత మంచిదైనా వద్దనుకోండి.

నన్నడిగితే ఇక్కడ దొంగలకన్నా ప్రమాదం హైవే. ఎండాడ, కొమ్మాది జంక్షన్ల దగ్గర కాలినడకన రోడ్డు దాటడం పెద్దవాళ్ళతో అయ్యే పని కాదు. మందుల షాపు, గుడి, కూరగాయలు మీ ఇంటివైపే ఉన్నాయో, రోడ్డు దాటాలో చూసుకోండి. మేము ఇల్లు ఖాయం చేసేముందు ఆఖరుగా చూసింది అదే.

భీమిలి గురించి రెండు ముక్కలుగా చెప్పాలి. భీమిలి ఊరు వేరు, భీమిలి రోడ్డు వేరు. ఊరైతే 1861 నాటి మున్సిపాలిటీ, ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌ (జీవీఎంసీ)లో కలిసింది. అక్కడ ఎవరింటికి ఎవరొచ్చారో సాయంత్రానికి ఊరందరికీ తెలుస్తుంది. ఆ ఆరా మీకు చిరాకు కాకపోతే దొంగల భయం విషయంలో మధురవాడ కన్నా ఒక మెట్టు పైనే. మరి ఎందుకు తీసుకోలేదంటే, పెద్దాసుపత్రి. ఊళ్ళోంచి కేజీహెచ్‌కి ముప్పై కిలోమీటర్లకు దగ్గర. మామయ్యగారికి స్టెంట్ వేశారు, ఆ దూరం మాకు కుదరదు. ఆరోగ్యం బాగున్న దంపతులైతే, ఊళ్ళో తెలిసినవాళ్ళుంటే, నేను భీమిలే వెళ్ళమంటాను.

భీమిలి రోడ్డు సంగతి, అంటే మంగమారిపేట, కాపులుప్పాడ వైపు లేఔట్లు, భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి అమ్ముతున్నవి. ఇక్కడ మనిషికి కాదు, స్థలానికి రక్షణ కావాలి. భూముల రికార్డులు తారుమారయ్యాయన్న ఆరోపణల మీద 2017లో ఒక సిట్, 2019లో మరో సిట్ వేశారంటే ఇక్కడి కబ్జాల తీరు అర్థం చేసుకోవచ్చు. ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీయించి, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూసి, కొన్న వెంటనే ప్రహరీ కట్టించి, ఏడాదికి రెండుసార్లయినా వచ్చి చూసుకోగలిగితేనే కొనండి. ఇప్పుడే ఇల్లు కట్టుకుని ఉండటానికైతే వద్దు. చుట్టూ రాళ్ళు పాతిన ప్లాట్లు తప్ప మనుషులుండరు.

ఎంవీపీ, లాసన్స్ బే భేషుగ్గా ఉంటాయి, డబ్బుంటే ఈ వ్యాసం చదవక్కర్లేదు. గాజువాక, పెదగంట్యాడ వైపు నేరాలకన్నా ఫ్యాక్టరీల గురించి ఆలోచించాలి, అది వేరే చర్చ. యారాడ వీకెండ్‌కి బాగుంటుంది.

ఏ ఏరియా తీసుకున్నా సముద్రాన్ని మాత్రం లెక్కలోంచి తీసేయకండి. ఈ తీరంలో దొంగల చేతిలో పోయిన ప్రాణాల గురించి ఎప్పుడో ఒకసారి వింటాం, కెరటం లాక్కుపోయిన పిల్లల గురించి తరచూ వింటూనే ఉంటాం. రుషికొండ, ఆర్కే బీచ్, యారాడ ఏదీ మినహాయింపు కాదు. సెలవులకు వచ్చే మనవళ్ళకు ఇంటికి దగ్గర్లో బీచ్ ఉండటమే ఆకర్షణ, అదే టెన్షన్ కూడా. రుషికొండకు 2020లో శుభ్రత, భద్రత ఉన్న బీచ్‌లకిచ్చే బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చాక అక్కడ స్నానాలకు హద్దులు పెట్టిన చోటు, లైఫ్‌గార్డులు ఉన్నారు. దిగితే అక్కడే దిగమనండి. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డువైపు ఎదురీదకూడదని, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలని పిల్లలకు ముందే చెప్పి పెట్టండి. ఈ విషయంలో మధురవాడకు ఇంకో చిన్న లాభం: పిల్లలు చెప్పకుండా నడిచి వెళ్ళిపోయేంత దగ్గర్లో బీచ్ లేదు.

ఊరికి వెళ్ళేటప్పుడు ఇల్లు తాళం వేస్తే, తాళం వేసిన ఇళ్ళ మీద పోలీసులు పెట్టే నిఘా ఎల్‌హెచ్‌ఎంఎస్ వాడుకోండి. యాప్‌లో నమోదు చేసుకుంటే పోలీసులే వచ్చి ఇంట్లో కదలికల్ని పట్టే కెమెరా పెట్టి వెళ్తారు, డబ్బులేమీ అడగరు. మా అపార్ట్‌మెంట్‌లో చాలామందికి ఇది ఉందనే తెలియదు. ఏదైనా జరిగితే "మా స్టేషన్ పరిధి కాదు" అన్న మాట విని వెనక్కి రాకండి. పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని కొత్త చట్టంలో, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173 సెక్షన్‌లో ఉంది. ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో కూడా ఇవ్వొచ్చు, కాకపోతే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. అమ్మానాన్నల ఫోన్లలో 112తో పాటు పక్క ఫ్లాట్‌వాళ్ళ నంబరు కూడా స్పీడ్ డయల్‌లో పెట్టి ఇవ్వండి.